ఊరికే వచ్చిన జనరేటర్‌కు తొమ్మిది వేలు పెట్టాలా?

ప్రశ్న: మాది తిరుపతి. మామగారు షాపు తీసేస్తూ పాత 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ మాకిచ్చారు. రిపేరుకు మెకానిక్ 9,000 అడుగుతున్నాడు. అమ్మకు రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషన్) పెడతాం, కరెంటు పోతే టెన్షన్. జనరేటర్ బాగు చేయించాలా, 25,000 పెట్టి ఇన్వర్టర్ కొనాలా?

జవాబు: ఇన్వర్టరే కొనండి. అమ్మగారి మిషన్ నిమిషానికి ఐదు లీటర్ల ఆక్సిజన్ ఇచ్చేదైతే సుమారు 350 వాట్లు లాగుతుంది. అంత చిన్న లోడుకు కూడా పాత ఇంజను గంటకు ముప్పావు లీటరు తాగుతుందనుకోండి. లీటరు 110 లెక్కన గంటకు 80 రూపాయల పైమాటే. ఆ గంటలో మీరు వాడేది మూడో వంతు యూనిట్! ఇన్వర్టర్ మీద అదే గంటకు ఐదారు రూపాయలు మించదు. కాకపోతే నాలుగైదేళ్లకు బ్యాటరీ మార్చాలి, దానికి ఏటా మూడున్నర వేలు పక్కన పెట్టాలి. అందుకే ఏడాది మొత్తం కోతలు నలభై గంటలు దాటకపోతే, ఒట్టి డబ్బు లెక్కలో జనరేటరే చౌక.

అయినా వద్దంటున్నాను. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోల్ జిగురు కట్టి, ఇంజనుకు పెట్రోల్ అందించే కార్బురేటర్‌లోని సన్న రంధ్రాన్ని (జెట్) మూసేస్తుంది. అర్ధరాత్రి ఎన్నిసార్లు తాడు లాగినా స్టార్ట్ కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, వరండాలో పెట్టినా కిటికీలోంచి లోపలికొస్తుంది. ఊపిరికి ఇబ్బంది పడే మనిషి ఉన్న ఇంట్లో ఆ రిస్కు అసలే వద్దు.

ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ (లైను కరెంటులాగే సాఫీగా ఇచ్చేది), 150 ఏహెచ్ (బ్యాటరీ కెపాసిటీ) ట్యూబ్యులర్ రకం బ్యాటరీ తీసుకోండి. కొత్తలో మిషన్ ఒక్కటే నడిపితే సుమారు మూడున్నర గంటలు వస్తుంది. ఫ్యాన్లు, టీవీ దానికి కలపకండి. 2021 నవంబరు వానల్లాంటివి మళ్లీ వస్తే బ్యాటరీ చాలదు. అందుకే డాక్టర్‌ను అడిగి, రెగ్యులేటర్‌తో సహా నిండు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఇంట్లో ఉంచండి. ఈ ఖర్చును మాత్రం వాయిదా వేయొద్దు.

సోలార్ పెట్టిద్దామని ఎవరైనా అంటే, కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉన్న మాట నిజమే. బిల్లు తగ్గుతుంది. కానీ బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, మీ సమస్య తీరదు.

25,000 క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టకండి. అత్యవసర నిధి ఉన్నది ఇలాంటి వాటికే. అందులోంచి తీసి, నెలకు 2,500 చొప్పున పది నెలల్లో నింపేయండి. జనరేటర్‌ను, మామగారికి ఒక మాట చెప్పి, ఉన్నది ఉన్నట్టుగా అమ్మేయండి. వచ్చినంత సిలిండర్ ఖర్చుకు కలుస్తుంది.