గేటు పెయింటు 200 మైక్రాన్లు పడిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

మైపాడు సముద్రం పక్కన ఇల్లు, ఇనుప గేటుకు మూడు పూతలు కలిపి 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేశానని పెయింటర్ మాట, అద్దెకు తెచ్చిన పెయింటు మందం కొలిచే మీటరు ఒకచోట 240, ఇంకోచోట 110 చూపిస్తోంది, ఎవర్ని నమ్మాలి అని అడిగారు. నేను కృష్ణపట్నం వైపు పైపులకూ స్ట్రక్చర్లకూ పెయింట్ ఇన్‌స్పెక్షన్ చేస్తుంటానండీ. రెండు రీడింగులూ నిజమే కావచ్చు. కాకపోతే 110 కన్నా ఆ 240 మీదే నాకు ఎక్కువ అనుమానం.

ఆ మీటరు అయస్కాంత శక్తితో పనిచేస్తుంది. ప్రోబ్‌కీ (పెయింటు మీద ఆనించే మీటరు కొన) ఇనుముకీ మధ్య ఎంత ఎడముందో చెబుతుంది, అంతే. ఆ ఎడంలో ఉన్నది కొత్త పెయింటా, పాత పెయింటా, తుప్పా దానికి తెలియదు. ఒక సైటులో పైపు సపోర్టు మీద 300 దాటి చూపిస్తుంటే అందరూ సంతోషపడ్డారు. వెల్డింగు పక్కన చాకు మొనతో గీరితే గోరంత పెచ్చు లేచొచ్చింది. వెనక్కి తిప్పితే ఎర్రటి తుప్పు పొడి అంటుకునుంది. తుప్పు గీకకుండానే పైన ప్రైమర్ కొట్టేశారు. మీ గేటుకు కూడా 240 వచ్చిన చోట, కనపడని మూలలో ఒకసారి గీరి చూడండి.

కొలిచే ముందు ఫాబ్రికేటర్ దగ్గర అదే మందం ఇనుప ముక్క, పెయింటు లేనిది, అడిగి తెచ్చుకుని దానిమీద జీరో పెట్టండి. మీటరుతో వచ్చిన ఫాయిల్ (మందం ముందే తెలిసిన పల్చటి రేకు) పెట్టి సరిచూడండి. అంచు నుంచి అంగుళం దూరంలోపు తీసిన రీడింగు లెక్కలోకి తీసుకోకండి. గేటుకు జింకు పూత ఉంటే అది కూడా రీడింగులో కలిసిపోతుంది. అల్యూమినియం కిటికీలకు ఈ ప్రోబ్ పనికిరాదు, ఎడ్డీ కరెంట్ అనే వేరే రకం ప్రోబ్ కావాలి.

ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకూడదు. మేం వాడే ఎస్‌ఎస్‌పీసీ పీఏ 2 (పెయింటు మందం కొలతకు అమెరికా ప్రమాణం) పద్ధతిలో 4 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తంలో మూడు రీడింగుల సగటు ఒక స్పాట్. 10 చదరపు మీటర్లకు అలాంటివి ఐదు. ఐదింటి సగటు 200కు తగ్గకూడదు, ఏ స్పాటూ అందులో 80 శాతానికి, అంటే 160కి తగ్గకూడదు. మీ 110 స్పాట్ సగటే అయితే అది ఫెయిలే, మొహమాటం అక్కర్లేదు.

మూలలు, వెల్డింగులు, బోల్టుల దగ్గర పెయింటు అంచు నుంచి జారి పల్చబడుతుంది. ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేదీ అక్కడే. అందుకే ముందు బ్రష్‌తో అంచులకు విడిగా ఒక కోటు వేయించాలి.

ఇప్పుడు తగ్గిన చోట్ల సుద్దముక్కతో గుర్తులు పెట్టించండి. మంచినీళ్లతో ఉప్పు కడిగించి, ఆరాక ఎమరీ కొట్టి మళ్లీ వేయమనండి. పొద్దున్నే మంచు తడి మీద వద్దు, ఎండ వచ్చి ఇనుము వెచ్చబడ్డాక మొదలుపెట్టమనండి. వేస్తున్నప్పుడే వెట్ ఫిల్మ్ దువ్వెన (తడి పెయింటు మందం కొలిచే పళ్ల రేకు) గుచ్చి చూడొచ్చు. డబ్బా మీద వాల్యూమ్ సాలిడ్స్ (ఆరాక మిగిలే భాగం) 60 శాతం అని ఉంటే తడిలో 100 పడితేనే ఆరాక 60 మిగులుతుంది, థిన్నర్ కలిపితే ఇంకా తక్కువ. మిగిలిన డబ్బు మాత్రం ఆ కోటు పూర్తిగా ఆరి, మీ ఎదురుగా రీడింగులు రాసిన తర్వాతే ఇవ్వండి.