పిల్లి ఒంటి మీద చెయ్యి వేసే ముందు

చి. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఇళ్లకు వెళ్లి పిల్లులకు గ్రూమింగ్ చేసే పని మొదలుపెడుతున్నానని రాశావు. కుక్కల పార్లర్‌లో పని చేసినదానివి కాబట్టి బొచ్చు గొరిగే క్లిప్పర్ పట్టుకోవడం నీకు కొత్త కాదు. కానీ అక్కడి అలవాట్లలో సగం ఇక్కడ పనికిరావు. కుక్క మెడకు లూప్ వేసి టేబుల్ మీద నిలబెడతారు. పిల్లికి అలా వేస్తే దూకినప్పుడు ఉరి పడుతుంది. మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తడం, నొక్కిపట్టడం కూడా మానెయ్. 2022లో అమెరికాలోని, బ్రిటన్‌లోని పిల్లుల వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అది వద్దనే చెప్పారు. అలా పట్టినప్పుడు పిల్లి కదలకుండా ఉంటే అది భయంతో బిగుసుకుపోయిందని అర్థం. దాన్ని చూసి నెమ్మదించిందని అనుకోకు.

ముందు గది చూసుకో. మూసిన బాత్రూమ్ అన్నిటికన్నా మంచిది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ సందు, వాషింగ్ మెషిన్ వెనక భాగం, కిటికీ అద్దం చూసి మూయించు. ఫ్లాట్లలో బాల్కనీ తలుపు మూసి ఉందో లేదో నీ కళ్లతో చూసుకో, ఇంటివాళ్ల మాట మీద వదిలెయ్యకు. నేల మీద రబ్బరు మ్యాట్ వెయ్యి, కాళ్లు జారితే పిల్లికి సగం భయం అక్కడే పుడుతుంది. ఇంకో సంగతి, నువ్వు వస్తున్నావని ఇంటివాళ్లు ఆ ఉదయం ఫినాయిల్ వేసి బాత్రూమ్ కడిగి పెడతారు. ముందురోజే ఫోన్ చేసి వద్దని చెప్పు. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి పాదాలకు అంటుకుంటే పిల్లి నాకేస్తుంది, వాటిని విరిచేసే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. టీట్రీ, యూకలిప్టస్ లాంటి సువాసన నూనెలు కలిసిన షాంపూలూ స్ప్రేలూ కూడా అందుకే వద్దు. కుక్కలకు వాడే కొన్ని పేలమందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లి ఒంటి మీద పడితే వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. నీ పెట్టెలో కుక్కల సీసాలూ పిల్లుల సీసాలూ కలిపి పెట్టకు.

పని మొదలుపెట్టే ముందు ఓ పది నిమిషాలు ఏమీ చేయకు. క్యారియర్ తలుపు తీసి పక్కన కూర్చో. అదే బయటికి వచ్చి నీ చెయ్యి వాసన చూడనీ. ఈలోగా ఇంటివాళ్లను అడగాల్సినవి అడుగు: వయసు, రేబీస్ టీకా కార్డు, ఆపరేషన్ అయిందా, దగ్గు లేదా ఆయాసం ఉందా, ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా. పదేళ్లు దాటిన పిల్లికి చాలాసార్లు కీళ్ల నొప్పులు ఉంటాయి, వెనక కాళ్లు పక్కకు లాగితే తట్టుకోలేదు. బొచ్చు పక్కకు తీసి చర్మం చూడు. గుండ్రంగా బొచ్చు ఊడి, అంచుల్లో పొట్టు రాలుతూ ఉంటే అది తామర కావచ్చు. మనుషులకూ అంటుకుంటుంది, నీ బ్లేడ్ల మీదుగా తర్వాతి పిల్లికీ వెళ్తుంది. ఆ రోజు పని చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపు. నల్లటి రవ్వలు కనిపిస్తే తడి తెల్ల టిష్యూ మీద వేసి నలుపు. ఎర్రగా దిగితే అవి ఫ్లీలు అనే గెంతే పేల రెట్టలు.

ఇక అసలు కష్టం, చిక్కులు. మన దగ్గర కొని పెంచే జాతి పిల్లుల్లో పొడుగు బొచ్చు పర్షియన్లు ఎక్కువ కాబట్టి నీకు వచ్చే ఫోన్లలో చాలావరకు చిక్కుల గురించే ఉంటాయి. చంకలు, చెవుల వెనక, గజ్జలు, పొట్ట, తొడల వెనక, ఈ చోట్లే ఉండలు కడతాయి. ఒక్కో ఉండా చర్మాన్ని తనలోకి లాక్కుని ఉంటుంది. పిల్లి చర్మం తడి కాగితంలా పలచన, పైగా బాగా సాగుతుంది. నువ్వు ఉండను పట్టుకుని పైకి లాగితే దాంతోపాటు చర్మం కూడా గుడారంలా లేస్తుంది. కత్తెర పెట్టేది సరిగ్గా అక్కడే. బొచ్చు తెగిందనుకుంటావు, తీరా చూస్తే చర్మం తెగి కుట్లు పడాల్సి వస్తుంది. అందుకని చిక్కుల దగ్గరికి కత్తెర అసలు తీసుకురాకు, మొన గుండ్రంగా ఉన్నదైనా సరే.

శనగగింజ అంత చిన్న ఉండ అయితే చిటికెడు కార్న్ ఫ్లోర్ చల్లు. ఎడమ చేతి రెండు వేళ్లతో ఉండకూ చర్మానికీ మధ్య బొచ్చు మొదళ్లను గట్టిగా పట్టుకో, లాగుడు నీ వేళ్ల మీద ఆగాలి, చర్మం దాకా పోకూడదు. స్టీల్ దువ్వెన చివరి పన్నుతో ఉండ కొస నుంచి కొంచెం కొంచెంగా విడదీస్తూ మొదలు వైపు రా. ఒక ఉండ మీద రెండు నిమిషాలు చాలు. అప్పటికీ విడకపోతే దాన్ని తీసెయ్యాల్సిందే. ఘాటు వాసన పౌడర్లు వాడకు, పిల్లి పీల్చుకుంటుంది.

పెద్ద ఉండలకూ, పరుపులా అతుక్కుపోయిన బొచ్చుకూ క్లిప్పర్‌కు 10 నంబర్ బ్లేడ్ పెట్టు. అది మిల్లీమీటరున్నర బొచ్చు వదులుతుంది. పళ్ల మధ్య ఎడం ఎక్కువున్న 5, 7 నంబర్ల బ్లేడ్లలో చర్మం మడత ఇరుక్కుంటుంది, కుక్కలకు వాడే అలవాటులో వాటిని ఎక్కించకు. ఎడమ చేత్తో చర్మాన్ని చదునుగా సాగదీసి పట్టు, బ్లేడ్‌ను ఒంటికి సమానంగా ఆనించి, ఉండ కింద నుంచి దూర్చి, దానంతట అది నడిచినట్టు నెమ్మదిగా పోనీ. నొక్కకు. చంకలో చేసేటప్పుడు కాలిని ముందుకు మాత్రమే చాపు, పక్కకు విరవకు. పొట్ట కింద వేలాడే చర్మం, తొడకూ పక్కకూ మధ్య ఉండే పలచటి పొర, మడమ పైనుండే నరం, ఈ మూడూ తెగే చోట్లని గుర్తుంచుకో. చనుమొనలు మగ పిల్లికీ ఉంటాయి, ముందు వేలితో తడిమి ఎక్కడున్నాయో చూసుకున్నాకే బ్లేడ్ పెట్టు. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడ్‌ను నీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడు, వేడి తగిలితే మార్చు. పిల్లికి కాలిన సంగతి అప్పుడు తెలియదు, మర్నాడు ఎర్రగా తేలుతుంది. ఉండ తీశాక కింద పుండు గానీ పురుగులు గానీ కనిపిస్తే అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి పంపాలి. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

చిక్కులన్నీ తీశాకే స్నానం. తడిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది, ఈ వరుస ఎప్పుడూ తిరగెయ్యకు. అసలు స్నానం అవసరమా అని కూడా ఆలోచించు. పొట్టి బొచ్చు నాటు పిల్లి తన ఒళ్లు తానే శుభ్రం చేసుకుంటుంది, దానికి మంచి దువ్వుడు చాలు. పర్షియన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి సరిపోతుంది. పిల్లిని లోపలికి తెచ్చేలోపే రెండు బకెట్లు నింపి కుళాయి కట్టెయ్, నీళ్ల చప్పుడుకే చాలా పిల్లులు గోడలెక్కుతాయి. నీళ్లు 38 డిగ్రీలు ఉండాలి, అది పిల్లి ఒంటి వేడికి దగ్గర. మగ్గును ఒంటికి ఆనించి మెల్లగా వంచు, పైనుంచి పొయ్యకు. మెడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లు. ముఖం తడిగుడ్డతో తుడిస్తే చాలు. షాంపూను సీసా మీద రాసిన కొలత ప్రకారం కలిపి పొయ్యి, చిక్కగా పోస్తే కడిగేలోపు పిల్లి ఓపిక అయిపోతుంది. రుద్దినదానికి రెట్టింపు సేపు కడుగు. చంకల్లో, పొట్ట కింద మిగిలిన షాంపూ అంతా తర్వాత దాని నోట్లోకే పోతుంది.

తువ్వాలుతో అద్దుతూ పిండు. రుద్దావంటే అప్పుడే తీసిన చిక్కులు మళ్లీ పడతాయి. పిల్లి డ్రయ్యర్‌కు తట్టుకుంటే అన్నిటికన్నా తక్కువ వేడి, తక్కువ వేగం పెట్టి, అడుగు దూరం నుంచి, గాలికీ ఒంటికీ మధ్య నీ చెయ్యి ఉంచి ఆరబెడుతూ దువ్వు. ముఖం వైపు గాలి వద్దు. పిల్లిని పంజరంలో పెట్టి వేడి గాలి వదిలే పద్ధతి ఏ పార్లర్‌లో చూసినా సరే, నువ్వు చేయకు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పదిలోపు పని ముగించు. చప్పిడి ముక్కు పిల్లులు వేడికి త్వరగా అలసిపోతాయి. నోరు తెరిచి రొప్పిందంటే అప్పటికప్పుడు అన్నీ ఆపి, చల్లటి గదిలో వదిలెయ్. రొప్పు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్క రొప్పడం మామూలే, పిల్లి రొప్పడం ప్రమాదం.

వేసవిలో పిల్లికి ఒళ్లంతా గుండు చేయమని అడుగుతారు. ఆ బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుందని ఓపిగ్గా చెప్పు. తెల్ల పిల్లికి గుండు చేస్తే చర్మం ఎండకు కాలుతుంది. సయామీస్, హిమాలయన్ పిల్లుల్లో బొచ్చు రంగు ఒంటి వేడిని బట్టి మారుతుంది, చల్లబడిన చోట ముదురుగా వస్తుంది. గొరిగిన చోట కొత్త బొచ్చు నల్లబడిందని తర్వాత నీతో గొడవ పడతారు, ముందే చెప్పి పెట్టు.

గోళ్లు మొత్తం 18, ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. వేలి మెత్తను నొక్కితే గోరు బయటికి వస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించేది నెత్తురున్న భాగం, దానికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే కత్తిరించు. ముందు కాలి లోపలి వైపు, పైన ఉండే గోరు మరిచిపోకు. ముసలి పిల్లుల్లో అది చుట్టుకుని మెత్తలోకి దిగిపోతుంది. నెత్తురు వస్తే రక్తం ఆపే పొడి అద్ది పట్టుకో, అది లేకపోతే కార్న్ ఫ్లోర్. చెవిలో దూది పుల్ల పెట్టకు, కాఫీపొడి లాంటి నల్లటి మడ్డి కనిపిస్తే డాక్టర్‌కు చూపించమను. కళ్లు తుడిచేటప్పుడు ఒక్కో కంటికి వేరే దూది వాడు.

ఇవన్నీ ఒకే పూటలో అవ్వాలన్న పట్టుదల పెట్టుకోకు. తోక కొట్టుకోవడం, చెవులు పక్కకు వాలడం, వీపు మీద చర్మం అలలా కదలడం, కంటిపాప పెద్దదవడం, ఇవన్నీ గుర్రుమనడానికి ముందే వస్తాయి. వీటిలో రెండు కనిపిస్తే చెయ్యి తీసెయ్. ఐదు నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే ఆ పూటకు అంతే. ఎడమ వైపు దువ్వి కుడి వైపు దువ్వకుండా వచ్చినా తప్పు లేదు. ఇంకో రోజు వస్తానని, సగం పనికి సగం డబ్బులేనని ముందే మాట్లాడుకో. మరీ బెదిరే పిల్లిని డాక్టర్ దగ్గర మత్తు ఇప్పించి చేయించాలి. నువ్వు ఏ మందూ ఇవ్వకు, ఇంటివాళ్లు తెచ్చి ఇమ్మన్నా ఇవ్వకు.

ఇక నీ సంగతి. కరిస్తే గానీ రక్కితే గానీ సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడుక్కో. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబీస్ టీకా వేస్తారు. పిల్లి పన్ను సన్నం, గాయం పైకి చిన్నగా కనిపించి లోపల చీము పడుతుంది, కాబట్టి డాక్టర్‌కు తప్పక చూపించు. కరవకముందే వేయించుకునే టీకా కూడా ఉంది. మొదటి ఇంటికి వెళ్లకముందే అది వేయించుకుని, వేయించుకున్నానని నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ