ఏ మాయ అమ్మలూ?

చి. సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పుట్టబోయే పాపకి మాయా అని పెడతామంటే మీ అత్తగారు ముఖం మాడ్చుకున్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు. ఆవిడని తప్పు పట్టకు. ప్రసూతి వార్డులో 30 ఏళ్లు పనిచేసినదాన్ని, బిడ్డ పుట్టాక వచ్చే మాయ (ప్లాసెంటా) గురించి "మాయ మొత్తం పడిందా?" అని అడగని రోజు లేదు. నాకూ ముందు అదే గుర్తొచ్చింది.

ముందు ఏ మాయో తేల్చుకో. పేర్ల జాబితాల్లో సంస్కృతం మాయనీ గ్రీకు మాయానీ కలిపి కొట్టేస్తారు. వినడానికి ఒకటేగానీ రెండింటికీ చుట్టరికం లేదు. గ్రీకు మాట మన 'అమ్మ' లాంటిది, పసివాళ్ల నోట్లోంచి పుట్టింది. పెంచిన దాదినీ, పెద్ద ముత్తయిదువనీ అలా పిలిచేవారు. ఒడిస్సీ అనే పాత గ్రీకు కావ్యంలో 20 ఏళ్లకి ఇల్లు చేరిన కథానాయకుడు ఒడిస్సియస్ బిచ్చగాడి వేషంలో ఉంటాడు. కాళ్లు కడుగుతున్న ముసలి దాది మోకాలి పైన మచ్చ చూసి పోల్చుకుంటుంది. ఆమె అరవకుండా గొంతు పట్టుకుని, పాలిచ్చి పెంచినదానివి నువ్వే నన్ను చంపించుకుంటావా అంటాడు. అప్పుడు కూడా పిలుపు 'మాయా' అనే! ఇప్పటికీ గ్రీసులో మంత్రసానిని ఆ మాటతోనే అంటారు. అంటే నా ఉద్యోగం పేరే, చూశావా!

గ్రీకు దేవత మాయా, ఆకాశాన్ని మోసే అట్లాస్ కూతురు, దేవతల దూత హెర్మిస్ తల్లి. దేవతల సందడి గిట్టక గ్రీసులోని ఆర్కేడియాలో కిల్లీని కొండ గుహలో ఉండేది. తల్లి దూరమైన ఆర్కాస్ అనే పసివాణ్ణి తెచ్చిస్తే తనే సాకింది. ఆకాశంలో ఏడుగురు అక్కచెల్లెళ్ల గుంపులో ఈవిడ ఒకతె. ఆ గుంపే మన కృత్తికలు, కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు! అత్తగారికి ముందు ఈ ముక్క చెప్పు, తక్కినవి తర్వాత.

మే నెలకి ఆ పేరిచ్చింది ఈవిడే అంటారు. రోమన్లకి అదే పేరుతో వేరే దేవత ఉండేది, తర్వాత ఇద్దరినీ కలిపేశారు. దాని గొడవ వదిలెయ్.

గ్రీకు పేరే కావాలంటే ఇంగ్లీషులో వై వద్దు, ఐ పెట్టు. బర్త్ సర్టిఫికెట్ ఫారం నింపేటప్పుడే చూసుకో, తర్వాత మార్చడం పెద్ద టెన్షన్.

అత్తగారు కార్తీక దీపాలకి అక్కడే ఉంటారుగా? పౌర్ణమి వెన్నెల్లో ఆ చుక్కలు సరిగా కనబడవు. నాలుగైదు రోజులాగి, చీకటి పడ్డాక, చంద్రుడు రాకముందే తూర్పు వైపు చూపించు. చలిగా ఉంటుంది, ఆవిడకి శాలువా ఇవ్వడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ