గోడౌన్ అద్దె తగ్గాలంటే – సమాధానం

అన్నా, పుణె సరుకు పటాన్‌చెరు గోడౌన్‌లో రెండు రోజులు పడి ఉంటోందని, అద్దె దండగని రాశారు. క్రాస్ డాకింగ్ (వచ్చిన సరుకును గోడౌన్‌లో నిల్వ పెట్టకుండా నేరుగా వేరే బండ్లలోకి మార్చి పంపేయడం) మీకు పనికొస్తుంది, కానీ అసలు పని పుణెలోనే ఉంది. ఏ షాపు సరుకు ఆ షాపుకి కట్టించి, పెట్టెల మీద కూకట్‌పల్లి, బేగంబజార్ అని పెద్దక్షరాలతో రాయించండి. ఇక్కడికొచ్చాక విప్పి ఏరుతూ కూర్చుంటే అది మళ్లీ గోడౌనే!

పగలు పెద్ద లారీలకు సిటీలో ఆంక్షలు కదా, తెల్లవారుజామునే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) దగ్గర లారీ నుంచి నేరుగా టాటా ఏస్‌లలోకి దించేయండి. బండి మారగానే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం), బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. నేనొకసారి మరిచిపోయి సగం రోజు రోడ్డు మీదే నిలబడ్డాను. లారీ జహీరాబాద్ దాటిందని డ్రైవర్ ఫోన్ చేశాకే చిన్న బండ్లను పిలవండి, లేకపోతే వెయిటింగ్ చార్జీలు మోయాలి.