షుగర్ దిగింది, ఇక కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి నడుపుతాను. పోయిన ఏడాది సీజన్ మధ్యలో ఎడమ చెయ్యి పట్టు తప్పి, మూతి వంకర పోయింది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందన్నారు. మెడలో రక్తనాళం కూడా కొంత పూడుకుందట. అప్పటి నుంచి గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు అటార్వాస్టాటిన్ 40, బీపీ మాత్ర, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. చెయ్యి చాలావరకు సర్దుకుంది.

ఐదు నెలల కింద మా అల్లుడు చెబితే అన్నం, రొట్టెలు మానేసి నెయ్యి, కొబ్బరినూనె, గుడ్లు, మటన్ మొదలుపెట్టాను. 11 కిలోలు తగ్గాను. మూడు నెలల షుగర్ 8.4 నుంచి 6.3కి వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్ 240 నుంచి 120కి దిగాయి, మంచి కొలెస్ట్రాల్ 36 నుంచి 46 అయింది. చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్ మాత్రం 72 నుంచి 142కి పోయింది. పిక్కల నొప్పులని ఈమధ్య కొలెస్ట్రాల్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. ట్రైగ్లిజరైడ్స్‌ను మంచి కొలెస్ట్రాల్‌తో భాగిస్తే మూడు లోపే ఉంది కనుక ఎల్‌డీఎల్‌తో భయం లేదని వీడియోల్లో చెబుతున్నారు. మెదడుకు కొలెస్ట్రాల్ కావాలి, మాత్రతో మతిమరుపు వస్తదంటున్నారు. మా ఆవిడ వద్దని గొడవ. మాత్ర పూర్తిగా మానెయ్యవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు అడగని మాట ముందు చెప్పాలి, ఎందుకంటే అదే తొందర. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూ అన్నం, రొట్టెలు దాదాపు పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఆ సమయంలో షుగర్ మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి ఇంట్లో వాళ్లకు అనుమానం కూడా రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అవేమీ లేకున్నా, మీ తిండి మారిన సంగతి షుగర్ డాక్టరుకు రేపే చెప్పండి. 11 కిలోలు తగ్గిన మనిషికి బీపీ మాత్ర డోసు కూడా ఒకసారి చూడాలి.

ఇక కొలెస్ట్రాల్ మాత్ర. మానొద్దు.

మీరు సాధించింది చిన్న విషయం కాదు. పొద్దంతా గద్దె మీద కూర్చుని లెక్కలు చూసుకునే పనిలో ఉండి అన్నం మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. షుగర్, బరువు, ట్రైగ్లిజరైడ్స్ ఇలా దిగడం మీ రక్తనాళాలకు నిజంగా మేలే. కానీ మిర్చి ఖాతాలో లాభం వచ్చిందని పత్తి ఖాతాలో బాకీ తీరదు. మీరు చెప్పిన భాగహారం ఇన్సులిన్ ఎంత బాగా పనిచేస్తుందో కొంతవరకు చెబుతుంది. మెడ రక్తనాళం గోడలోకి కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే కణాలు ఎన్ని తిరుగుతున్నాయో చెప్పదు. దాన్ని ఎల్‌డీఎల్ చెబుతుంది. ఇంకా నమ్మకంగా తెలియాలంటే అపోబి అనే రక్తపరీక్ష ఉంది, చేయించుకోండి. మీ మెడలో పూడిక ముందే ఉంది. ఇంతవరకు ఏ జబ్బూ రాని మనిషి ఈ ప్రశ్న అడిగితే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, మీ విషయంలో ఆ వీలు లేదు.

మాత్ర వల్ల లాభం ఎంత అని మీరు అడగాలి, అది మీ హక్కు. 2006లో వెలువడిన స్పార్కల్ అనే పరిశోధనలో పక్షవాతమో, వచ్చి వెంటనే పోయే చిన్న పక్షవాతమో వచ్చిన 4731 మందిని తీసుకున్నారు. కొందరికి అటార్వాస్టాటిన్ 80, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. సుమారు ఐదేళ్లలో మళ్లీ పక్షవాతం వచ్చింది మందు వేసుకున్నవాళ్లలో నూటికి 11.2 మందికి, ఉత్త మాత్ర వాళ్లలో 13.1 మందికి. గుండెపోటు కూడా తగ్గింది. తేడా నూటికి ఇద్దరే కదా అనిపించవచ్చు. మళ్లీ చెయ్యి పడిపోయిన మనిషిని మంచంలో తిప్పి పడుకోబెట్టే ఇంటి ఇల్లాలిని అడిగితే ఆ ఇద్దరి విలువ చెబుతుంది. మీ ఆవిడ గొడవ అందుకే. ఇంకో సంగతి దాచకూడదు: మందు వేసుకున్నవాళ్లలో మెదడులో రక్తస్రావం కాస్త ఎక్కువ కనిపించింది, ఉత్త మాత్ర వాళ్లలో 33 మందికైతే వీళ్లలో 55 మందికి. అన్నీ కలిపి చూసినా లాభమే ఎక్కువ. కానీ గడ్డ వల్ల కాక, నరం చిట్లి పక్షవాతం వచ్చిన పాఠకులు ఈ జవాబును తమకు అన్వయించుకోవద్దు, వాళ్ల లెక్క వేరు.

ఎల్‌డీఎల్ ఎంత ఉండాలన్నదీ పరీక్షించి చూశారు. ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో మీలాంటి పూడిక ఉన్న పక్షవాతం పేషెంట్లను రెండు గుంపులు చేశారు. 70 లోపు ఉంచినవాళ్లలో మళ్లీ పక్షవాతం, గుండెపోటు వంటివి నూటికి 8.5 మందికి వస్తే, 90-110 మధ్య ఉంచినవాళ్లలో 10.9 మందికి వచ్చాయి. మీది ఇప్పుడు 142.

అది ఎందుకు పెరిగింది? మీరు రెండు పనులు దాదాపు ఒకేసారి చేశారు: మాత్ర సగం చేశారు, నెయ్యి, కొబ్బరినూనె పెంచారు. అందులోని సంతృప్త కొవ్వు ఎక్కువైతే, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాగేసే కాలేయపు గ్రాహకాలు మందగిస్తాయి. అన్నం తగ్గించడానికి నెయ్యి తాగనక్కరలేదు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కొర్రమీను, రవ్వ, బొచ్చ చేపలు, తోలు తీసిన కోడి, గుడ్లు, గుప్పెడు పల్లీలు, నువ్వులపొడి, పుంటికూర, తోటకూర, బీరకాయ పెట్టుకోండి. పల్లీనూనె గానీ నువ్వులనూనె గానీ కొద్దిగా వాడండి. కొబ్బరినూనె తాగడం పూర్తిగా ఆపండి. మటన్ ఆదివారానికి ఉంచుకోండి, తలకాయ, బోటి పండుగలకు.

మెదడుకు కొలెస్ట్రాల్ కావాలన్నది నిజమే, కానీ దానికి కావలసింది అదే తయారు చేసుకుంటుంది, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను తీసుకోదు. మతిమరుపుకు ఈ మాత్రే కారణమని పెద్ద పరిశోధనల్లో తేలలేదు. పక్షవాతం మళ్లీ మళ్లీ వస్తే మాత్రం జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది.

పిక్కల నొప్పి మీ ఊహ అని నేను అనను. సీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు ఈ వారమే చేయించండి. నొప్పి తీవ్రమైనా, మూత్రం ముదురు రంగులోకి మారినా మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. 2020లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, ఇలాంటి నొప్పులకే స్టాటిన్ (మీ అటార్వాస్టాటిన్ ఆ రకం మందే) మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర ఇచ్చి, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. ఉత్త మాత్ర వేసుకున్న నెలల్లోనూ బాధ దాదాపు స్టాటిన్ నెలల్లో ఉన్నంతే ఉంది. ఇది చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు. మీకు నొప్పి నిజంగా మాత్ర వల్లే అని తేలితే దారులున్నాయి: డోసు తగ్గించడం, రోసువాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్‌కు మారడం, కొలెస్ట్రాల్ తగ్గించే వేరే రకం మందు ఎజెటిమైబ్ కలపడం. ఇవి మీకు మీరు చేసుకునేవి కావు.

పరీక్షలు బాగుంటే అటార్వా 40 రోజూ వేసుకోండి, పొద్దునైనా రాత్రైనా ఒకటే. నూనెలు, నెయ్యి నేను చెప్పినట్టు మార్చి, ఎనిమిది వారాలకు మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. అప్పటికీ ఎల్‌డీఎల్ 70 దాటి ఉంటే డోసు పెంచాలా, ఎజెటిమైబ్ 10 కలపాలా అన్నది మీ న్యూరాలజీ డాక్టరుతో మాట్లాడండి. ఆ రోజు పాత రిపోర్టులు, మెడ రక్తనాళాల డాప్లర్ స్కాన్ ఫిల్ము పట్టుకుని, అల్లుడిని కూడా వెంట తీసుకెళ్లండి.