తేటగా ఉన్న రాత్రి ఫాగ్ లైట్లు వేయవచ్చా?

ప్రశ్న: మా కారుకు ముందూ వెనుకా ఫాగ్ లైట్లు ఉన్నాయి. పొగమంచు లేని రాత్రుల్లో కూడా ముందువి వేసుకుంటే దారి మరింత బాగా కనబడుతున్నట్లు ఉంటుంది. కానీ ఎదురుగా వచ్చేవారు లైట్లు ఆర్పి వెలిగిస్తూ అభ్యంతరం తెలుపుతున్నారు. వెలుతురు ఎక్కువైతే నష్టమేమిటి? పసుపు దీపాలు పొగమంచును చీల్చుకుపోతాయన్న మాట నిజమేనా? వెనుక ఫాగ్ లైటు ఎప్పుడు వేయాలి?
— ఒక పాఠకుడు

జవాబు: దారి బాగా కనబడుతున్నట్లు మీకు అనిపించడం సహజమే గాని, అలా కనబడేది బండికి దగ్గరలోని రోడ్డు మాత్రమే. ముందు ఫాగ్ లైటును కిందుగా బిగించి, దాని వెలుగు పైకి లేవకుండా పక్కలకు పరుచుకునేలా తయారుచేస్తారు. పొగమంచులో హై బీమ్ వేస్తే ఆ కాంతి నీటి బిందువులకు తగిలి, చెదిరి, తిరిగి మన కళ్ళలోనే పడి ఎదుట తెల్లని తెర కట్టినట్లవుతుంది. ఆ బాధను తగ్గించి, నెమ్మదిగా వెళ్ళే బండికి రోడ్డు అంచునూ గీతలనూ చూపించడమే ఈ దీపం పని. తేటగా ఉన్న రాత్రి దీన్ని వేస్తే కన్ను దగ్గరి వెలుగుకు అలవాటుపడి, దూరపు చీకట్లో రోడ్డు దాటుతున్న మనిషిని ఆలస్యంగా పసిగడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది కాబట్టి ఆ ఆలస్యం చాలా ప్రమాదకరం. తడిసిన రోడ్డు మీదనైతే ఆ వెలుగు నేల నుంచి ప్రతిఫలించి ఎదుటివారి కళ్ళనూ మిరుమిట్లు గొలుపుతుంది. వారి అభ్యంతరం న్యాయమైనదే.

పసుపు రంగు గురించిన నమ్మకం చాలా పాతది. పొగమంచు బిందువులు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి కావడం వల్ల అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. పసుపు దీపం కంటికి హాయిగా ఉందని కొందరికి అనిపించవచ్చు, అంతవరకే.

ఇక వెనుక ఫాగ్ లైటు. దీని దుర్వినియోగమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఈ ఎర్రని దీపం మామూలు టెయిల్ లైటు కంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది, దాదాపు బ్రేక్ లైటుతో సమానమైనది. పొగమంచు లేనప్పుడు ఇది వెలుగుతూ ఉంటే వెనుక వచ్చేవారి కళ్ళు అలసిపోవడమే కాక, మీరు నిజంగా బ్రేకు వేసిన క్షణాన్ని వారు గుర్తించలేకపోవచ్చు. జర్మనీలో చూపు ఆనే దూరం 50 మీటర్ల లోపుకు పడిపోతేనే దీన్ని వేయాలి, అప్పుడు వేగం కూడా గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. బ్రిటన్‌లో సాధారణంగా 100 మీటర్లను హద్దుగా చెబుతారు. చాలామంది వేసిన తరువాత మరచిపోతారు, ఎందుకంటే అది డ్రైవరుకు కనబడదు. డాష్‌బోర్డు మీద సాధారణంగా ముందువాటికి ఆకుపచ్చ గుర్తు, వెనుకదానికి నారింజ ఛాయ గల పసుపు గుర్తు వెలుగుతుంది. మంచు పలచబడగానే దాన్ని చూసి ఆర్పివేయండి.

మీరు అడగకపోయినా మరొక మాట చెప్పాలి. ఆటోమేటిక్ హెడ్‌లైట్ల సెన్సార్ సాధారణంగా వెలుతురునే కొలుస్తుంది గాని పొగమంచును పసిగట్టదు. పగటి మంచులో అవి వాటంతట అవే వెలగకపోవచ్చు, పగలు వెలిగే చిన్న దీపాలు ముందు ఉన్నా చాలా బళ్ళలో వెనుక టెయిల్ లైట్లు ఆరిపోయే ఉంటాయి. అందువల్ల పొగమంచు కనబడగానే ముందుగా మీ చేత్తోనే లో బీమ్ వేసి, ఫాగ్ లైట్ల అవసరాన్ని ఆ తరువాత చూడండి.