జేబులో కవరు దొరికింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. బట్టలు ఉతకబోతుంటే వాడి ప్యాంటు జేబులో చిన్న కవరు, అందులో ఎండిన ఆకు దొరికింది. అడిగితే ఫ్రెండ్‌ది అన్నాడు. వాళ్ల నాన్నకు చెప్తే చావగొడతారు, చెప్పకుండా ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. నాలుగు రోజులుగా ఆ కవరు బీరువాలో బట్టల కింద దాచి, రోజుకు పదిసార్లు తీసి చూసుకుంటున్నాను. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఆ కవరు వదిలించుకోండి. అది గంజాయే అయితే ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే అవుతుంది. ఇక ఫ్రెండ్‌దా, వాడిదా అని తేల్చే పని పెట్టుకోకండి. నిలదీసిన కొద్దీ ఇంకో అబద్ధం వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు. "ఇది ఎవరిదైనా సరే, నాకు భయంగా ఉంది నాన్నా, దీని గురించి నీకు తెలిసింది చెప్పు, మధ్యలో ఏమీ అనను" అనండి. అన్నాక నిజంగానే ఏమీ అనకండి. అదే కష్టం. ఎదురుగా కూర్చోబెట్టి అడిగే కంటే పక్కపక్కన నడుస్తున్నప్పుడు, ఏదో పని చేసుకుంటున్నప్పుడు అడగండి, మీ కళ్లలోకి చూడాల్సిన పని లేకపోతే ఈ వయసు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు.

ఒకసారి తాగి చూసినంత మాత్రాన వ్యసనపరుడు అయిపోడు. అలాగని తేలిగ్గా వదిలేసే సంగతీ కాదు. మంచీచెడూ ఆలోచించి ఆగమని చెప్పే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు 25 ఏళ్లు పడుతుంది, మజా కోరుకునే భాగం మాత్రం టీనేజీలోనే జోరుగా ఉంటుంది, అందుకే ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది. గంజాయి తరచుగా తాగితే జ్ఞాపకశక్తి, చదువు మీద ధ్యాస తగ్గుతాయి. మీ రెండు వైపుల బంధువుల్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టుకునే మానసిక జబ్బు) లాంటిది ఉంటే, గంజాయి వల్ల వాడికీ అది వచ్చే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ మాట వాడికి దాచకుండా చెప్పండి, "నాశనమైపోతావు" అనే తిట్టు కన్నా ఇదే పనిచేస్తుంది.

స్నేహితులంతా ఒక్కసారిగా మారిపోవడం, ఇష్టమైన ఆట మానేయడం, పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఇంట్లో డబ్బులు కనిపించకపోవడం, ఇవన్నీ కలిసి వస్తుంటే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ఇలాంటి లక్షణాలు డిప్రెషన్‌లోనూ ఉంటాయి, చాలామంది పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి. దొంగచాటుగా మూత్ర పరీక్ష చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. తరచుగా తాగేవాళ్లలో గంజాయి వారాల తరబడి పరీక్షలో కనిపిస్తుంది, కాబట్టి ఎప్పుడు తాగాడో తెలియదు, మీ మీద నమ్మకం మాత్రం పోతుంది.

వాళ్ల నాన్నకు చెప్పాలి. కానీ వాడు ఎదురుగా లేనప్పుడు, ఆయన మనసు కుదురుగా ఉన్నప్పుడు, చెయ్యి చేసుకోనని మాట తీసుకుని చెప్పండి. ఆయనకు రోజూ ఇంట్లో మందు తాగే అలవాటుంటే ముందు దాని గురించి మాట్లాడుకోవాలి, పిల్లలు మనం చెప్పింది కాదు, చేసింది చూస్తారు.

ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో మత్తెక్కేదాకా మందు తాగామని చెప్పారు, 2016 నాటికి అది 5 శాతానికి తగ్గింది. అక్కడ భయపెట్టే ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. పిల్లలకు ఆటలు, సంగీతం అందుబాటులోకి తెచ్చారు, తల్లిదండ్రులు వాళ్లతో ఎక్కువ సమయం గడిపేలా చూశారు, రాత్రి పొద్దుపోయాక పిల్లలు బయట తిరగకూడదనే నియమాన్ని గట్టిగా పాటించారు. మీ ఇంట్లో అంత పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు, వారంలో నాలుగైదు రోజులు ముగ్గురూ ఫోన్లు పక్కన పడేసి కలిసి భోంచేయగలరా?

ప్రశ్న: పార్టీలో మా ఫ్రెండ్ బాగా తాగి, దాని మీద నిద్రమాత్రలు వేసుకుని పడిపోయాడు. ఇంట్లో తెలుస్తుందని భయపడి పడుకోబెట్టేసి వచ్చేశాం. పొద్దున్నే లేచాడు. మేం చేసింది తప్పా? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: తప్పే, బాబూ. వాడు లేవడం అదృష్టం. మందూ నిద్రమాత్రలూ రెండూ శ్వాసను నెమ్మదింపజేస్తాయి, పైగా తాగడం ఆపాక కూడా రక్తంలో ఆల్కహాల్ కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి అయితే అది ఊపిరికి అడ్డం పడుతుంది. ఎంత కుదిపినా లేవకపోయినా, శ్వాసకూ శ్వాసకూ మధ్య పది సెకన్ల ఎడం వస్తున్నా, పెదాలు నీలంగా మారినా అంబులెన్సుకు ఫోన్ చేయడమే. వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టి దగ్గరే కూర్చోవాలి. కాఫీ పట్టడం, చన్నీళ్లు పోయడం, వేలు పెట్టి కక్కించడం, ఇవేవీ వద్దు. డాక్టరుకు ఏం మింగాడో ఉన్నదున్నట్టు చెప్పాలి, మాత్రల షీటు దొరికితే అదీ తీసుకెళ్లాలి.

ఇంకొకటి అడుగుతాను. అంత తాగినవాడు ఆ మాత్రలు ఎందుకు వేసుకున్నాడో మీలో ఎవరైనా అడిగారా? బతకాలని లేక వేసుకుని ఉండొచ్చు. ఈరోజే వాడి దగ్గరకు వెళ్లి ఆ మాట సూటిగా అడుగు, అడిగినంత మాత్రాన వాడికి లేని ఆలోచన రాదు. ఔనంటే ఒంటరిగా వదలకుండా, నువ్వే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు, వాళ్ల ఇంట్లో కూడా చెప్పు.